పది మైక్రాన్ల ఖరీదు

మెదడు శస్త్రచికిత్స నేర్చుకునేవాళ్లకు దొరికే అతి చవకైన రోగి కోడిగుడ్డు. న్యూరోసైన్స్ ల్యాబుల్లో చాలాచోట్ల కొత్తగా చేరిన విద్యార్థి చేతికి మొదటే చిట్టెలుకను ఇవ్వరు. ఒక పచ్చి గుడ్డూ, పళ్ల డాక్టర్లు వాడే సన్నటి డ్రిల్లూ ఇస్తారు. పెంకు మీద పెన్సిలుతో చిన్న వృత్తం గీసుకుని, ఆ గీత వెంట కొద్దికొద్దిగా అరగదీసి, లోపలి తెల్లపొర చిరగకుండా పెంకు బిళ్లను పైకి లేపాలి. గుడ్డు పెంకు మందం మిల్లీమీటరులో మూడో వంతు చుట్టుపక్కల ఉంటుంది. చిట్టెలుక పుర్రె కూడా ఆ లెక్కలోదే, కొన్నిచోట్ల ఇంకా పల్చన. పెంకు కింద తెల్లపొర ఉన్నట్టే పుర్రె అడుగున డ్యూరా అనే పొర ఉంటుంది. దాని కింద మెదడు. మొత్తం తూచినా అర గ్రాము ఉండదు. గుడ్డు సొన కారిపోతే ఇంకో గుడ్డు తీసుకుంటారు. ల్యాబు గుడ్డు కాబట్టి ఆమ్లెట్టుకు కూడా పనికిరాదు, నష్టం అంతటితో సరి.

అదే బల్ల మీద ఉండే స్టీరియోటాక్సిక్ ఫ్రేము ధర మాత్రం లక్షల్లో ఉంటుంది. మత్తులో ఉన్న జంతువు తలను కదలకుండా పట్టి ఉంచి, సూదిని మెదడులో అనుకున్న చోటికి దింపే లోహపు చట్రం అది. దానికి తోడు సూదిని మైక్రాన్ల లెక్కన జరిపే మైక్రోమానిప్యులేటరు, సర్జికల్ మైక్రోస్కోపు, మత్తుమందు యంత్రం, హీటింగ్ ప్యాడు, సన్నమొన పట్టకార్లు. విదేశీ కేటలాగు ముందు పెట్టుకుని జాబితా రాస్తే, ఎలుకల బోను రాకముందే ఓ మామూలు కాలేజీ పరిశోధన గ్రాంటు అయిపోతుంది. అందుకే ఈ సామానులో చేసుకోగలిగినదాన్ని సొంతంగా చేసుకునేవాళ్లు గత పదిహేనేళ్లలో బాగా పెరిగారు. ఉగాండాలో, జర్మనీలో, అమెరికాలో, మన దగ్గర కూడా. డబ్బున్న ల్యాబులు సైతం ఈ పని చేస్తున్నాయి. కేటలాగులో లేని పరికరం కావాలంటే చేసుకోక తప్పదు మరి.

ఇంతకీ ఆ లక్షలు పోసి మనం కొంటున్నదేమిటి? అమ్మేవాడు చెప్పే జవాబు ఒక్కటే, కచ్చితత్వం. పది మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో నూరో వంతు, అంత సన్నగా కదులుతుందంటాడు. ఆ మాట నిజమే. అయితే ఏ పనికి ఎంత కచ్చితత్వం కావాలో అడగకుండా కొంటే డబ్బు దండగ. ఈ ప్రశ్నకు సమాధానం ఆ ఫ్రేము పుట్టుకలోనే ఉంది.

20వ శతాబ్దం మొదట్లో లండన్‌లో విక్టర్ హార్స్‌లీ అనే న్యూరోసర్జనూ, రాబర్ట్ క్లార్క్ అనే శరీరధర్మ శాస్త్రవేత్తా కలిసి చిన్నమెదడు మీద పనిచేస్తున్నారు. లోతుగా ఉన్న కణసమూహాల్లో ఒక్కదాన్ని మాత్రమే దెబ్బతీసి, జంతువులో ఏం మారుతుందో చూడాలి. పైనుంచి కోసుకుంటూ పోతే దారిలో ఉన్నవన్నీ పాడై, ఏ మార్పు దేనివల్ల వచ్చిందో తెలియకుండా పోతుంది. క్లార్క్ దీన్ని జ్యామితి లెక్కగా మార్చాడు. రెండు చెవి రంధ్రాల్లోకి రెండు కడ్డీలు, కంటిగూటి అంచుకు, పై దవడకు ఆనేలా మరికొన్ని పట్టీలు బిగిస్తే తల ఎప్పుడూ ఒకే భంగిమలో నిలుస్తుంది. ఇక మెదడులో ఏ బిందువునైనా ముందుకు ఇంత, పక్కకు ఇంత, లోతుకు ఇంత అని మూడు అంకెల్లో చెప్పొచ్చు. జేమ్స్ స్విఫ్ట్ అనే మైక్రోస్కోపుల తయారీదారు 1905లో ఆ చట్రాన్ని చేసిచ్చాడు. 1908లో ‘బ్రెయిన్’ పత్రికలో దాని వివరాలు వచ్చాయి. ఈనాటి ఫ్రేముల్లో అంకెలు తెర మీద మెరుస్తాయి గానీ, చెవి కడ్డీలు అవే, మూడు అక్షాలూ అవే.

చాలా ఏళ్లపాటు దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1930ల్లో షికాగోలో స్టీఫెన్ రాన్సన్ బృందం అలాంటి చట్రాన్ని మళ్లీ వాడకంలోకి తెచ్చింది. 1940లో హెదరింగ్టన్, రాన్సన్ ఎలుక హైపోథాలమస్‌లో మధ్యభాగాన్ని రెండువైపులా దెబ్బతీస్తే ఆ ఎలుకలు విపరీతంగా లావెక్కాయి. 1951లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో మన దేశం నుంచి వెళ్లిన బి.కె. ఆనంద్, జాన్ బ్రోబెక్‌తో కలిసి, దానికి కాస్త పక్కగా ఉన్న భాగాన్ని దెబ్బతీశాడు. ఈసారి ఎలుకలు ఎదురుగా మేత ఉన్నా ముట్టుకోలేదు. ఆకలి గురించి పాఠ్యపుస్తకాల్లో దశాబ్దాలపాటు చెప్పిన పాఠం ఈ రెండు ప్రయోగాల నుంచి వచ్చిందే. తర్వాతి పరిశోధన దాన్ని చాలా మార్చింది, అది వేరే కథ. ఆనంద్ ఆ తర్వాత ఢిల్లీ ఎయిమ్స్‌లో ఫిజియాలజీ విభాగానికి పునాది వేశాడు.

ఇక్కడ గమనించాల్సింది దూరం. తిండి ఆగకపోవడానికీ, తిండి మానెయ్యడానికీ మధ్య ఎలుక మెదడులో ఉన్న ఎడం సుమారు ఒక మిల్లీమీటరు. పది మైక్రాన్లు కాదు, వెయ్యి మైక్రాన్లు. మామూలు చేతి ఫ్రేముల మీద ఉండే వెర్నియర్ స్కేలు వంద మైక్రాన్ల దాకా చదువుతుంది. ఇలాంటి ప్రశ్నకు అది పుష్కలం. పైగా ఎలుకకూ ఎలుకకూ తేడా ఉంటుంది. పాక్సినోస్, వాట్సన్ 1982లో తెచ్చిన ఎలుక మెదడు అట్లాసు ప్రపంచంలో ప్రతి ల్యాబు బల్ల మీదా ఉంటుంది. అది ఒక జాతి ఎలుకల్లో, సుమారు 290 గ్రాముల బరువున్న వాటిని చూసి గీసిన పటం. మీ ఎలుక వయసు, జాతి, బరువు వేరైతే పటంలోని అంకెలు తప్పుతాయి. పుర్రె మీద ఎముకల అతుకులు కలిసే రెండు గుర్తుల, బ్రెగ్మా, లాంబ్డాల మధ్య దూరం పెద్ద ఎలుకలో దాదాపు 9 మిల్లీమీటర్లు, చిట్టెలుకలో 4 చిల్లర. ఆ అతుకు వంకరటింకరగా ఉంటే బ్రెగ్మా సరిగ్గా ఎక్కడ అన్న దాని మీదే ఇద్దరు విద్యార్థులు వాదించుకుంటారు, ఆ వాదన వంద, రెండు వందల మైక్రాన్ల మీద నడుస్తుంది. ఇంత ఊగిసలాట జంతువులోనే ఉన్నప్పుడు యంత్రం పది మైక్రాన్లు చూపించి ఏం లాభం?

పది మైక్రాన్లు నిజంగా కావాల్సిన పనులు వేరే ఉన్నాయి. ఒక్క నాడీకణం మాట వినాలంటే ఎలక్ట్రోడు మొన దాని పక్కకు చేరాలి. కణం శరీరం పది, ఇరవై మైక్రాన్లు మాత్రమే ఉంటుంది. విశేషమేమిటంటే, అక్కడ కూడా పరిశోధకుణ్ని ఆ చోటికి చేర్చేది స్కేలు కాదు, చెవి. ఎలక్ట్రోడు సంకేతాన్ని స్పీకరుకు కలిపి, స్క్రూ తిప్పుతూ వింటూ ఉంటాడు. బుసబుసల మధ్య టిక్, టిక్ అని ఒక కణం విడిగా పలికినప్పుడు ఆగుతాడు. అంచేత ఆ పనిలో కచ్చితత్వమంతా ఎలక్ట్రోడు మొనలో ఉండాలి. మొనను చేసుకోవచ్చు.

డేవిడ్ హ్యూబెల్ చేసింది అదే. 1950ల్లో వాషింగ్టన్‌లోని వాల్టర్ రీడ్ సైనిక పరిశోధన సంస్థలో, మెలకువగా ఉన్న పిల్లి మెదడులో ఒక్కో కణాన్ని వినాలనుకున్నాడు. గాజు ఎలక్ట్రోడ్లు కదిలే జంతువులో విరిగిపోయేవి. టంగ్‌స్టన్ తీగను విద్యుత్తుతో కరిగించి మొన తేల్చి, దానికి లక్క లాంటి పూత పూసి, చిట్టచివర మాత్రం వదిలేశాడు. ఆ పద్ధతి 1957లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. దాన్ని దింపే మైక్రోడ్రైవును కూడా తనే రూపొందించుకున్నాడు. తర్వాత టోర్‌స్టెన్ వీసెల్‌తో కలిసి పిల్లి దృష్టికేంద్రంలో గీతల దిశను గుర్తుపట్టే కణాలను కనిపెట్టింది ఆ ఎలక్ట్రోడ్లతోనే. ఇద్దరికీ 1981లో నోబెల్ వచ్చింది.

ఈ మొన తేల్చడం ఇప్పటికీ ఏ కెమిస్ట్రీ ల్యాబులోనైనా చేసుకోవచ్చు. వెంట్రుక కన్నా కాస్త లావుపాటి టంగ్‌స్టన్ తీగ, చిన్న బీకరులో సోడియం హైడ్రాక్సైడు ద్రావణం, రెండో ఎలక్ట్రోడుగా పాత బ్యాటరీలోని కార్బన్ కడ్డీ, కొద్ది వోల్టుల ఏసీ ఇచ్చే ట్రాన్స్‌ఫార్మరు. తీగ చివరను ద్రావణంలో ముంచగానే సన్న బుడగలు లేస్తాయి. అలాగే వదిలేస్తే ద్రావణం పైమట్టం దగ్గర తీగ నడుం సన్నబడి తెగిపోతుంది. కాబట్టి మెల్లగా ముంచుతూ తీస్తూ ఉండాలి. ఎంత లోతు ముంచి ఎంత వేగంగా తీస్తారన్న దాని మీద మొన వాలు ఆధారపడుతుంది. పొడవాటి వాలు కావాలా, పొట్టి వాలు కావాలా అన్నది పనిని బట్టి. బుడగలు ఆగాక నీళ్లలో కడిగి మైక్రోస్కోపు కింద చూస్తే, కంటికి ఆనని కొన ఉంటుంది. పూత పూస్తే ఎలక్ట్రోడు, పూయకపోతే పొరలు చీల్చే సూది. సోడియం హైడ్రాక్సైడు కంట్లో పడితే చూపు పోతుంది, రక్షణ కళ్లద్దాలు పెట్టుకోకుండా ఈ పని చేయనివ్వకూడదు.

చేతి పనిముట్ల విషయంలో ఇంకా వెనక్కి వెళ్లొచ్చు. పిండదశలో నాడీవ్యవస్థ ఎలా మొదలవుతుందో 1924లో హిల్డె మాంగోల్డ్‌తో కలిసి చూపించిన హాన్స్ స్పీమన్, ఉభయచర పిండాలను పసిబిడ్డ తల వెంట్రుకతో ఉచ్చు వేసి బిగించాడు. కోతకు గాజు సూదులు తనే లాగి చేసుకునేవాడు. ఆయనకు 1935లో నోబెల్ ఇచ్చారు. ఈ సంప్రదాయం చావలేదు. పల్చటి మెదడు ముక్కలను నీటిలో చిరగకుండా జరపడానికి నేటికీ చాలా ల్యాబుల్లో వాడేది, పళ్లపుల్ల చివర జిగురుతో అంటించిన కనురెప్ప వెంట్రుక. దానికన్నా మెత్తని పరికరం దొరకడం కష్టం. డ్యూరా పొరను మెదడు నుంచి ఎత్తి చీల్చడానికి ఇంజెక్షన్ సూదుల్లో సన్నది తీసుకుని, దాని కొనను ఒక గట్టి నున్నటి ఉపరితలానికి అదిమితే కొన కొంచెం ఒంగుతుంది. ఆ వంపే కొక్కెం. సూది ఎలాగూ స్టెరైల్‌గా ప్యాకెట్లో వస్తుంది, వాడి పారేయొచ్చు.

పట్టకార్ల దగ్గరకొస్తే స్విట్జర్లాండ్ డ్యూమాంట్ వారి ఐదో నంబరుకు సాటి లేదు. గడియారాల రిపేరువాళ్ల కోసం పుట్టిన పట్టకారు అది. మామూలు రకంలోనే మొన వెడల్పు మిల్లీమీటరులో పదో వంతు. ఒక్కసారి గట్టు మీద నుంచి జారిందంటే మొన ఒంగి పనికిరాకుండా పోతుంది, విద్యార్థులు ఇలా పోగొట్టినవి ప్రతి ల్యాబులో డ్రాయరు నిండా ఉంటాయి. కొత్తది కొనే ముందు సన్నటి నూనె రాయి మీద మైక్రోస్కోపు కింద ఆ మొనలను సరిచేయడం నేర్పితే చాలా డబ్బు మిగులుతుంది. నన్నడిగితే చవక పనిముట్లలో మొదటిది ఈ రాయి. కత్తెరలు, క్లాంపులు, రిట్రాక్టర్ల మాట వేరు. ప్రపంచంలో చేతి శస్త్రచికిత్స పనిముట్లు పెద్ద ఎత్తున తయారయ్యే ఊరు పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్. అక్కడ సానపట్టిన సరుకు చాలావరకు జర్మనీలోని టుట్లింగెన్ లాంటి పేరున్న ఊళ్ల కంపెనీల ద్వారా కేటలాగుల్లోకి ఎక్కుతుంది. ఉక్కు మంచిదై ఉండాలి, నాణ్యత పరీక్ష జరిగి ఉండాలి. ఆ పరీక్షకు డబ్బు ఇవ్వడం న్యాయమే. పేరుకు ఎంత ఇవ్వాలన్నది మాత్రం కొనేవాడు ఆలోచించుకోవాలి.

కదిలే పరికరాల్లో అసలు మార్పు 2009 తర్వాత వచ్చింది. ప్లాస్టిక్ తీగను కరిగించి పొరలుపొరలుగా పేర్చే త్రీడీ ప్రింటింగ్ పద్ధతి మీద ఉన్న ముఖ్యమైన పేటెంటు ఆ ఏడాది ముగిసింది. అప్పటికే ఇంగ్లండ్‌లోని బాత్ విశ్వవిద్యాలయంలో ఏడ్రియన్ బౌయర్ తన భాగాలను తనే ముద్రించుకునే ప్రింటరును అందరికీ ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టి ఉన్నాడు. ప్రింటర్ల ధరలు పడిపోయాయి. 2015లో టామ్ బాడెన్, ఆంద్రే షాగస్, మరికొందరు కలిసి ‘ప్లాస్ బయాలజీ’లో రాసిన వ్యాసం ఈ తరహా ల్యాబు సామాను అంతటినీ ఒకచోట చేర్చింది. అందులో ముద్రించుకునే మైక్రోమానిప్యులేటరు ఉంది, బాల్‌పెన్ను భాగాలు వాడుకునే పిపెట్టు కూడా ఉంది. బాడెన్, లూసియా ప్రియేటో గొడినో తదితరులు స్థాపించిన ‘ట్రెండ్ ఇన్ ఆఫ్రికా’ అనే సంస్థ, ఉగాండాతో మొదలుపెట్టి ఆఫ్రికా దేశాల్లో న్యూరోసైన్స్ పాఠాలతో పాటు ఈ పరికరాల తయారీ కూడా నేర్పుతూ వచ్చింది. ఆ వ్యాసం రాసినవాళ్లలో గ్రెగ్ గేజ్, టిమ్ మార్జులో కూడా ఉన్నారు. బొద్దింక కాలులోని నాడీ సంకేతాలను స్కూలు పిల్లలకు వినిపించే స్పైకర్‌బాక్స్ తయారుచేసింది వీళ్లే.

మైక్రోమానిప్యులేటరు అంటే బెదిరిపోనక్కర్లేదు. దాని గుండెకాయ ఒక స్క్రూ. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో ఏ హార్డ్‌వేర్ కొట్లోనైనా దొరికే ఎం3 బోల్టు పిచ్ అర మిల్లీమీటరు. పూర్తిగా ఒక చుట్టు తిప్పితే నట్టు అర మిల్లీమీటరు జరుగుతుంది. బోల్టు తలకు యాభై గీతల చక్రం తగిలిస్తే ఒక్కో గీతకు సరిగ్గా పది మైక్రాన్లు. చక్రానికి బదులు స్టెప్పర్ మోటారు పెడితే, ఒక చుట్టుకు రెండు వందల అంగలు వేసే మామూలు మోటారు ఒక్క అంగలో రెండున్నర మైక్రాన్లు కదుపుతుంది. కోఠి గుజరాతీ గల్లీలో మోటారు, దాన్ని నడిపే ఆర్డునో బోర్డు, డ్రైవరు కొన్నా ఖర్చు వేలల్లోనే తేలిపోతుంది. ఇలా చూస్తే పది మైక్రాన్ల ఖరీదు రెండు రూపాయల బోల్టు.

కాగితం మీద. బల్ల మీదకు వచ్చేసరికి మూడు శత్రువులు ఎదురవుతాయి. మొదటిది మెకానిక్కులు ‘ప్లే’ అనేది. బోల్టుకూ నట్టుకూ మధ్య సందు వల్ల, తిప్పే దిశ మార్చినప్పుడు చక్రం తిరుగుతుంది గానీ సూది కదలదు. ఎం3లో ఇది పదుల మైక్రాన్లు ఉండొచ్చు. మందు: నట్టును ఒకే పక్కకు తోస్తూ ఉండే స్ప్రింగు, దాంతో పాటు ఎప్పుడూ పై నుంచి కిందికే దింపి ఆగే అలవాటు. రెండోది ఒంగడం. ప్రింటర్లలో వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ బరువు మోస్తే రోజుల తరబడి మెల్లగా సాగుతుంది. చెవి కడ్డీల్లాంటి, తలను పట్టి ఉంచే భాగాలను దాంతో చేస్తే, డ్రిల్లు తాకగానే తల అటూ ఇటూ ఊగుతుంది. అందుకే తెలివైనవాళ్లు బిగింపులు, మూలలు, పిడులు మాత్రం ముద్రించి, బరువు మోసే కడ్డీలను స్టీలువి కొంటారు.

మూడోది ఎవరూ ముందుగా ఊహించనిది, ఏసీ. పది సెంటీమీటర్ల స్టీలు కడ్డీ ఒక్క డిగ్రీ వేడెక్కితే 1.2 మైక్రాన్లు సాగుతుంది. పీఎల్‌ఏ దానికి ఐదారు రెట్లు. గదిలో ఏసీ ఆగి, మళ్లీ తిరిగేలోగా మూడు డిగ్రీలు మారితే ప్లాస్టిక్ చెయ్యి ఇరవై మైక్రాన్లు జరిగిపోతుంది, ఎవరూ ముట్టుకోకుండానే. కణం పక్కన నిలిపిన ఎలక్ట్రోడు మాయమైపోయిందని విద్యార్థి తల పట్టుకుంటాడు. మిల్లీమీటరు ప్రశ్నకు ఇరవై మైక్రాన్లు లెక్కలోకి రావు. ఒక్క కణం ప్రశ్నకు అవే ప్రాణం.

ముద్రించే ఓపిక లేనివాళ్లకు ఇంకో దారి ఉంది. మన డిగ్రీ కాలేజీల్లో, మెడికల్ కాలేజీల్లో స్టోరు గదుల నిండా పాత మైక్రోస్కోపులు పడి ఉంటాయి. కటకాలు బూజు పట్టి ఉంటాయి గానీ, స్లైడును జరిపే లోహపు స్టేజి బాగానే ఉంటుంది. దాని మీద వెర్నియర్ కూడా ఉంటుంది. రెండు అక్షాలు సిద్ధంగా ఉన్నట్టే. మూడో అక్షానికి అదే మైక్రోస్కోపు ఫోకస్ మర. తుక్కు కింద వేలం వేసే ముందు వాటిని ఒకసారి చూడమని ప్రిన్సిపాళ్లకు చెప్పాలనిపిస్తుంది.

డ్రిల్లు సంగతి మళ్లీ చూద్దాం. పళ్ల సెట్లు కట్టేవాళ్లు వాడే మైక్రోమోటరు, దానికి బర్ అనే అర మిల్లీమీటరు కోత మొన పెడితే చిట్టెలుక పుర్రెకు సరిపోతుంది. ప్రమాదం రెండు రకాలు. ఒకటి వేడి. బర్ ఒకేచోట ఆగి తిరిగితే ఎముక వేడెక్కి కింది మెదడు చెడుతుంది. కాబట్టి కొన్ని క్షణాలు అరగదీయడం, చల్లటి సెలైన్ చుక్క వేయడం, తుడవడం, మళ్లీ అరగదీయడం. రెండోది, ఎముక అయిపోయిందని తెలిసేలోగా బర్ లోపలికి దిగడం. పాతకాపులు చేత్తో కనిపెడతారు. వృత్తం మధ్య బిళ్లను పట్టకారు కొనతో తాకితే అది కొద్దిగా కిందికి నొక్కుకుని లేచినప్పుడు ఇక ఆపాలి. ఈ చేతి జ్ఞానాన్ని యంత్రానికి ఇవ్వడానికి రెండు అందమైన ప్రయత్నాలు జరిగాయి. ఎముక విద్యుత్తును సరిగా పోనివ్వదు, దాని కింది ద్రవం బాగా పోనిస్తుంది. 2015లో అమెరికాలో ఎంఐటీ పరిశోధకులు డ్రిల్లు మొన ద్వారానే ఈ తేడాను కొలుస్తూ, అడ్డు ఒక్కసారి పడిపోగానే డ్రిల్లు ఆగిపోయేలా చేశారు. 2019లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం బృందం ‘క్రేనియోబాట్’ తెచ్చింది. కంప్యూటరు నడిపే చిన్న మిల్లింగ్ యంత్రం ముందు పుర్రెను చాలా తేలికగా తాకుతూ దాని ఎత్తుపల్లాల పటం గీసుకుంటుంది, తర్వాత ఆ పటం వెంటే ఎముకను చెక్కుతుంది. వర్క్‌షాపు యంత్రాల నుంచి ఎరువు తెచ్చుకున్న ఆలోచన ఇది.

ఖర్చు తగ్గించకూడని చోట్లు ఉన్నాయి, వాటిని దాటవేస్తే ఈ ఉత్సాహమంతా క్రూరత్వం అవుతుంది. మత్తు ముందు. ఐసోఫ్లూరేన్ వాయువును ఎంత శాతం ఇవ్వాలో కొలిచి ఇచ్చే వేపరైజరుకు సొంత తయారీ ప్రత్యామ్నాయం వెతకొద్దు. మోతాదు కాస్త తగ్గితే జంతువుకు నొప్పి తెలుస్తుంది, కాస్త పెరిగితే చనిపోతుంది. తర్వాత వెచ్చదనం. మత్తులో ఉన్న చిట్టెలుక ఒంటి వేడిని నిలుపుకోలేదు, 37 డిగ్రీల దగ్గర ఉంచడం మన పూచీ. సెన్సరూ ఆర్డునో రిలే పెట్టి హీటింగ్ ప్యాడు తయారుచేయడం కష్టమేమీ కాదు. రిలే ఎప్పుడో ఒకసారి ఆన్‌లో అతుక్కుపోతుంది, అప్పుడు ప్యాడు వేడెక్కుతూనే ఉంటుంది, మత్తులో ఉన్న జంతువు పక్కకు జరగలేదు. కాబట్టి దేనితోనూ సంబంధం లేకుండా హద్దు దాటగానే కరెంటు తెంచేసే థర్మల్ ఫ్యూజు ఒకటి ఉండి తీరాలి. ఇరవై రూపాయల భాగం, దాన్ని మరిచిపోయిన డిజైన్లు మాత్రం చాలా కనిపిస్తాయి. ఇక శుభ్రత. ఆటోక్లేవు 121 డిగ్రీల ఆవిరి ఇస్తుంది. అంత వేడి ఆవిరిని మంచి ప్రెషర్ కుక్కరు కూడా ఇస్తుంది, చిన్న ల్యాబుల్లో స్టీలు పనిముట్లకు వాడతారు. పీఎల్‌ఏ భాగాలు 60 డిగ్రీలకే మెత్తబడతాయి. అందుకే గాయాన్ని తాకేదేదీ ముద్రించిన ప్లాస్టిక్ అయి ఉండకూడదు.

మన దేశంలో ఇదంతా చట్టం పరిధిలోని పని. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, 1998 నాటి నిబంధనల ప్రకారం ప్రతి సంస్థలో జంతు నైతిక కమిటీ ఉండాలి, అది అనుమతిస్తేనే ప్రయోగం. హైదరాబాద్‌లో జాతీయ పోషకాహార సంస్థ వంటి చోట్ల ల్యాబు జంతువుల సంరక్షణ దశాబ్దాలుగా నేర్పుతున్న విద్య. సొంతంగా చేసిన పరికరంతో వెళితే కమిటీ సభ్యులు ముందు అడిగేది, దీనివల్ల జంతువులు ఎక్కువ కావాలా, తక్కువ కావాలా అని. చాలా మంచి ప్రశ్న. పరికరం ఊగడం వల్ల ఫలితాల్లో చెదురు రెట్టింపైతే, అదే నమ్మకంతో అదే తేడాను చూపించడానికి నాలుగు రెట్లు జంతువులు కావాలి. గణాంకాల మాట ఇది. పరికరం మీద మిగిలిన డబ్బు అప్పుడు జంతువుల ప్రాణాల రూపంలో ఖర్చవుతుంది. విలియం రస్సెల్, రెక్స్ బర్చ్ 1959లో రాసిన పుస్తకంలో జంతువుల సంఖ్యను తగ్గించడాన్ని ఒక సూత్రంగా పెట్టినప్పటి నుంచి దీన్ని ఎవరూ కాదనలేదు.

అందువల్ల సొంత ఫ్రేము పూర్తయ్యాక మొదటి రోజు జంతువు దగ్గరకు పోరు. 0.6 శాతం అగరోజ్ జెల్ కాచి చిన్న గిన్నెలో పోస్తారు. అది చల్లారాక మెత్తదనంలో మెదడుకు దగ్గరగా ఉంటుంది. గిన్నె అంచు మీద ఒక గుర్తును బ్రెగ్మా అనుకుని, అక్కడి నుంచి వెనక్కి 2, పక్కకు 1.5, లోతుకు 1.5 మిల్లీమీటర్లు అని లెక్కవేసి, సన్నటి సూదితో ఒక చుక్క రంగు దింపుతారు. సూది తీసి, గిన్నె తిప్పి, మళ్లీ బిగించి, మరో చోట ఇంకో చుక్క. ఇరవై, ముప్ఫై చుక్కలయ్యాక జెల్‌ను బ్లేడుతో పలకలుగా కోసి, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి కొలుస్తారు. చుక్కలు అన్ని వైపులా చెదిరి ఉంటే బిగింపులో ఏదో వదులుగా ఉందని అర్థం, మళ్లీ విప్పి మొదటి నుంచి చూసుకోవాలి. చెదరకుండా అన్నీ ఒకేవైపు, ఉదాహరణకు ఎడమకు 200 మైక్రాన్లు, తప్పి ఉంటే సంతోషించాలి. నిలువు కడ్డీ కాస్త ఏటవాలుగా ఉందన్నమాట. దాని పాదం కింద పల్చటి ఇత్తడి రేకు ముక్క పెట్టి, మూలమట్టంతో సరిచూసి, కొత్త జెల్‌లో మళ్లీ చుక్కలు వేస్తారు. వచ్చిన అంకెలను తేదీతో సహా ఫ్రేము మీద చీటీ అంటించి రాస్తారు, ఆ చీటీ ఫోటోను పరికరం డ్రాయింగులతో, కొనాల్సిన భాగాల జాబితాతో కలిపి అందరికీ ఉచితంగా పెడతారు. 2017లో మొదలైన ‘హార్డ్‌వేర్ఎక్స్’ లాంటి పత్రికలు ఇలాంటి కొలతలు లేని డిజైన్లను ఊరికే అచ్చువేయవు.